ఆ పూట ఊళ్లో ప్లంబర్లు లేరు

ఆ రోజు పొద్దున కుళాయి మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, అందరికంటే ముందు కాలేజీకి చేరుకోవాలి, తనిఖీకి వచ్చే అధికారిణికి నిండుగా ఉన్న తరగతి గదిని చూపించాలి. గడ్డం, చొక్కా నిర్విఘ్నంగా పూర్తయ్యాయి. ఏ పనైనా మొదట్లోనే అంత సాఫీగా జరిగిపోతే అనుమానించాలన్న సంగతి, జీవితమంతా పైపులతో కాపురం చేసిన మనిషికి తెలిసి ఉండాల్సింది.

ఆయన ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో ప్లంబింగ్ శాఖకు అధిపతి. ఆ శాఖలో ఉన్న ఏకైక మాస్టారూ ఆయనే, పొద్దున్నే గది తాళం తీసేదీ ఆయనే. కొన్నేళ్లకోసారి పైనుంచి ఎవరో ఒకరు వచ్చి శాఖలన్నిటినీ పరిశీలించి, ఏది ఉండాలో, ఏది మూతపడాలో తేల్చి వెళ్తారు. చేరినవాళ్లలో ఎంతమంది కోర్సు పూర్తిచేశారన్నదే వాళ్లు ముందుగా చూసేది. మాస్టారి శాఖలో ఆ సంఖ్య గుండు సున్నా.

పిల్లలు రాక కాదు. వస్తారు, బుద్ధిగా నేర్చుకుంటారు. పైపుకు పైపు చుక్క కారకుండా అతకడం వచ్చిందో లేదో, గేటు దగ్గర కాచుకుని ఉన్న కాంట్రాక్టరు ఎవడో ఒకడు వాళ్లను ఎగరేసుకుపోతాడు. పరీక్ష రాయడానికి ఒక్కడూ మిగలడు. ఊరంతా వాళ్లు బిగించిన కుళాయిలే ఉన్నా, కాలేజీ రికార్డుల్లో మాత్రం వాళ్లందరూ చదువు మధ్యలో మానేసినవాళ్లే.

"శాఖ మూసేసినా మీ ఉద్యోగానికి ఢోకా లేదు మాస్టారూ," అని ప్రిన్సిపాల్ ముందే ధైర్యం చెప్పాడు. "మీకు వ్యక్తిత్వ వికాసం క్లాసులు ఇస్తాను."

ఆ ధైర్యం విన్న దగ్గర్నుంచి మాస్టారికి అన్నం సయించడం లేదు. కుళాయి విప్పమంటే ఎంతటిదైనా విప్పుతాడు గానీ, పదిమంది ముందు నోరు విప్పి జీవితంలో ఎలా ఎదగాలో చెప్పమంటే ఎక్కడ చస్తాడు? పులి మీద పుట్రలా, పక్కగది బ్యూటీషియన్ కోర్సు మేడం టేపు పట్టుకుని వచ్చి, "ఇన్ని కుళాయిలున్న గది! తలలు కడగడానికి ఎంత వీలుగా ఉంటుందో!" అంటూ నాలుగు గోడలూ కొలుచుకుని వెళ్లింది. మనిషి బతికుండగానే పాడెకు కొలతలు తీసినట్టు అనిపించింది ఆయనకు.

అందుకే ముందురోజు సాయంత్రం మాస్టారు ఓ పదిమంది పాత శిష్యులకు ఫోన్లు చేశాడు.

"ఒరే, రేపొక్క పూట వచ్చి క్లాసులో కూర్చోండ్రా. కొత్తగా చేరినవాళ్లలా మొహాలు పెట్టండి. ఫోన్లు మాత్రం ఆపేయాలి. మధ్యలో ఎవడికన్నా పని తగిలిందంటే నా కొంప మునుగుతుంది."

ఎవరి కొంప మునగబోతోందో ఆయనకు అప్పటికింకా తెలియదు.

పొద్దున కాఫీ గ్లాసు అందిస్తూ భార్య అడిగింది. "ఏమండీ, ఊరందరికీ కుళాయిలు నేర్పుతారు. మన వంటింటి కుళాయి నెల్లాళ్ల నుంచి ఏడుస్తోంది. దాని మొహం చూసేదెప్పుడు?"

"సాయంత్రం చూస్తానే."

"ఆ సాయంత్రం నెల్లాళ్ల నుంచీ రావడం లేదు."

మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది. పానా కోసం వెతికే తీరిక లేక, వట్టి చేత్తోనే కుళాయిని పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. ధార ఆగింది. "చూశావా? చెయ్యి పడాలంతే," అని చెప్పి, తల ఎగరేసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, కుళాయి కుళాయంతా ఊడి వంటింటి అవతలి గోడకు తగిలింది. నీళ్లు కప్పుదాకా లేచాయి. ఆవిడ గాభరాపడే మనిషి కాదు. పరిగెత్తుకెళ్లి పెరట్లో మెయిన్ వాల్వు పట్టుకుంది. అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అదీ మాస్టారు సాయంత్రం చూస్తానన్న పనే. మొగుడికి ఫోన్ చేస్తే స్విచాఫ్. పక్కవీధిలో ఉండే శిష్యుడికి చేస్తే స్విచాఫ్. వాడి తమ్ముడికి చేసినా అదే పాట. చీర కుచ్చెళ్లు ఎగదోపి, చేతికందిన బకెట్టుతోనే వీధిలోకి వచ్చింది.

వీధి చివర మేడ ఇంటాయన రుసరుసలాడుతూ ఎదురొచ్చాడు. "అమ్మా, మీవారి శిష్యుడేనమ్మా! నిన్న మా ఇంట్లో కమోడ్ ఊడదీసి, పొద్దున్నే వచ్చి బిగిస్తానని పోయాడు. వాడూ లేడు, వాడి ఫోనూ లేదు. ఇంటిల్లిపాదీ పక్కింటివాళ్ల కాళ్లు పట్టుకుంటున్నాం."

ఆయన వెనకే హోటలు యజమాని వచ్చాడు. కడగాల్సిన పళ్లేలు కొండలా పేరుకుపోయాయి, మోటారు పైపు పగిలింది. ఏ ప్లంబరుకు ఫోన్ చేసినా పలకడం లేదు. ఊళ్లో ఉన్న ప్లంబర్లందరూ మూకుమ్మడిగా సన్యాసం పుచ్చుకున్నారా అని అక్కడ చేరినవాళ్లు తర్జనభర్జన పడసాగారు.

ఆవిడకు ముందురోజు సాయంత్రం మొగుడు గుసగుసగా చేసిన ఫోన్లు గుర్తొచ్చాయి. "ఎక్కడా వెతకక్కర్లేదు, నాతో రండి," అని బకెట్టు ఊపుకుంటూ ముందుకు నడిచింది.

దారిలో గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ ఈ ఊరేగింపులో కలిశాడు. అతని వెనక, తల మీద తువాలు చుట్టుకుని, చెవుల పక్కనుంచి షాంపూ నురగ జారుతుండగా ఒక నడివయసు మేడం వచ్చింది. తల నిండా షాంపూ రుద్దుకున్నాక కుళాయి ఒక్క దగ్గు దగ్గి ఊరుకుందట. గెస్ట్‌హౌస్ మొత్తం గాలించినా చెంబెడు నీళ్లు దొరకలేదట. ఎలాగూ తను వెళ్లాల్సింది కాలేజీకే కాబట్టి, ప్లంబింగ్ శాఖ ఉన్నచోట కుళాయైనా ఉండకపోతుందా అన్న ఆశతో ఫైలు చంకన పెట్టుకుని బయల్దేరింది. ఆ తువాలు కింద ఉన్నది తనిఖీ అధికారిణి అని జనానికి తెలియదు. ఆవిడా చెప్పుకోలేదు. ఆ అవతారంలో ఎవరు మాత్రం చెప్పుకుంటారు?

బకెట్లతో, చెంబులతో గేటు దాటి వస్తున్న జనాన్ని చూసి ప్రిన్సిపాల్‌కు కంగారు పుట్టింది. మాస్టారు ఊరిని రెచ్చగొట్టాడని, ఇది శాఖను మూసేయొద్దంటూ వచ్చిన ధర్నా అని ఆయనకు అర్థమైపోయింది. చేతులు జోడిస్తూ ఎదురెళ్లాడు.

"శాంతించండి, శాంతించండి! మూసేది నేను కాదండీ బాబూ! పైనుంచి ఒకావిడ వస్తోంది, ఆవిడే మూయిస్తుంది. మహా మొండిఘటమట. నన్నేం చేయమంటారు?"

జనానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంతలో ఆయన దృష్టి తువాలు మీద పడింది.

"మీరు బ్యూటీషియన్ కోర్సువాళ్లా? అప్పుడే తలలు కడగడం మొదలెట్టేశారా? ఆ గది ఇంకా మీ చేతికి రాలేదమ్మా! ఆవిడ వచ్చి చూసి వెళ్లిపోనీండి, తర్వాత మీ ఇష్టం."

"ఆవిడ వచ్చింది," అంది మేడం.

"ఎప్పుడు? ఎక్కడుంది?"

"తువాలు కింద."

ప్రిన్సిపాల్ ఆవిడ చంకలోని ఫైలు చూసి చటుక్కున పక్కకు తప్పుకున్నాడు. మేడం ఆయన్ను దాటుకుని, ప్లంబింగ్ శాఖ అని రాసున్న గదివైపు నడిచింది. జనం ఆవిడ వెంట నడిచారు.

గదిలో మాస్టారి పరిస్థితి వేరుగా ఉంది. పదిమందిని పిలిస్తే ఊళ్లో ఉన్న శిష్యగణమంతా దిగింది. బెంచీలు చాలక కిటికీల మీద కూర్చున్నారు. మీసాలు నెరిసినవాళ్లున్నారు, బట్టతలలున్నాయి. ఒకాయన మనవణ్ణి కూడా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పని మానుకుని, కూలి వదులుకుని వచ్చారు వీళ్లంతా, తన కోసం. మాస్టారు పక్కకు తిరిగాడు. కళ్లు తుడుచుకుని, స్పానర్ పైకెత్తి పాఠం మొదలుపెట్టాడు.

"ఇది స్పానర్."

"స్పానర్!" అని గది దద్దరిల్లింది.

అంతలో మేడం లోపలికి వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. ఆవిడ ముందు వరసలోని బట్టతల విద్యార్థిని అడిగింది. "మీరెప్పుడు చేరారు?"

"ఈ మధ్యనే మేడం. పైపు ఎటుపక్క పట్టుకోవాలో కూడా ఇంకా తెలీదు."

"అయ్యో, అయ్యో!" అని గుమ్మంలోంచి మేడ ఇంటాయన కేక పెట్టాడు. "మా ఇంటి కమోడ్ ఊడదీసింది వీడేనండీ! మూడంతస్తుల పైపులూ వీడే వేశాడు! పైపు ఎటు పట్టుకోవాలో తెలీదా నీకు?"

"మా మోటారువాడు అదిగో, కిటికీలో!" అని హోటలు యజమాని చెయ్యి చూపించాడు. "గెస్ట్‌హౌస్ కుళాయి వాడు బల్ల కింద దాక్కున్నాడు!" అన్నాడు వాచ్‌మన్. చివరగా మాస్టారి భార్య ముందుకొచ్చి బకెట్టు ఠంగున కింద పెట్టింది. "ఏమండీ, తమరి చెయ్యి పడింది కదా, వంటింట్లో ఇక చేపలు పెంచుకోవచ్చు."

మాస్టారు స్పానర్ బల్ల మీద పెట్టేశాడు. ఇక దాచడానికి ఏముంది?

"తప్పు నాదే మేడం. వీళ్లు కొత్తవాళ్లు కారు. అందరూ నా దగ్గర నేర్చుకుని మధ్యలో వెళ్లిపోయినవాళ్లే. శాఖ మూసేస్తారని భయపడి నేనే పిలిపించాను. నాకీ పని తప్ప ఇంకోటి రాదు. వీళ్లనేమీ అనకండి."

"నాకీ నాటకం సంగతే తెలీదు మేడం!" అని వెనకనుంచి ప్రిన్సిపాల్ అందుకున్నాడు. "ఇంతమందిలో ఒక్కడూ పరీక్ష రాయలేదు. రికార్డులు చూపిస్తాను."

మేడం ఆయనవైపు చూడనైనా చూడలేదు. కంట్లోకి దిగుతున్న నురగను తుడుచుకుని మాస్టారిని అడిగింది. "ఒక్కరూ పరీక్ష రాయలేదా?"

"లేదు మేడం."

"వీళ్లలో పని లేక ఖాళీగా ఉన్నవాళ్లు?"

మాస్టారు గది నలుమూలలా చూశాడు. "ఇవాళ తప్ప ఎప్పుడూ లేరు మేడం."

మేడం ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "వీళ్లు ఒక్క పూట క్లాసుకొస్తేనే నా తల ఈ గతి పట్టింది. ముందు ఆ కుళాయి తిప్పండి మాస్టారూ. మిగతాది తర్వాత మాట్లాడదాం."

మాస్టారు కుళాయి తిప్పాడు. మేడం తల కడుక్కుంటుండగా, శిష్యులు పానాలు అందుకుని తమను వెతుక్కుంటూ వచ్చినవాళ్ల వెంట పరుగులు తీశారు. అందరికంటే ముందు పరిగెత్తింది మాత్రం మాస్టారే. వెనక బకెట్టుతో భార్య ఉంది మరి.

కొన్ని వారాల తర్వాత నివేదిక వచ్చింది. ప్రిన్సిపాల్ దాన్ని చదువుతుంటే మాస్టారు కుర్చీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. నేర్చుకుని పనిలో కుదిరినవాళ్లను ఇకమీదట కోర్సు పూర్తిచేసినవాళ్లుగానే లెక్కించాలట. ఆ లెక్కన కాలేజీలో మొదటి స్థానం ప్లంబింగ్ శాఖది. పక్కగది కూడా దానికే ఇవ్వాలట. మాస్టారు ఆనందం పట్టలేక ప్రిన్సిపాల్‌ను కావలించుకున్నాడు.

"ఆగండి, షరతు ఒకటుంది," అన్నాడు ప్రిన్సిపాల్ ఊపిరాడక.

ఆ శాఖలో విద్యార్థులందరూ ఒకే రోజు క్లాసుకు రావడం ఇకపై నిషేధం.