మడమ సంగతి మేడమ్‌కి చెప్పొద్దు

ఆ ఉదయం అంగుళం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మంచం దిగాలి, నిలబడాలి, దుకాణానికి వెళ్ళాలి, సాయంత్రం దాకా ఎవరికీ అనుమానం రాకుండా నిలబడే ఉండాలి. ఇందులో మొదటి అంకం దగ్గరే ఆయన పావుగంటగా ఆగిపోయాడు. కుడి మడమ నేలకి ఆనితే చాలు, కింద ఎవరో గోనెసంచులు కుట్టే సూది పట్టుకుని కాచుకున్నట్టు పొడుస్తోంది. ముప్పై ఏళ్ళుగా సూదితో బతికిన మనిషికి సూది మీద నిలబడే యోగం పట్టింది.

"తువ్వాలు తగిలించి లాగండి," అంది భార్య. "ఫిజియోథెరపీ ఆవిడ ఏం చెప్పింది? మంచం దిగకముందే వేళ్ళని మీ వైపుకి లాక్కోమంది కదా."

మాస్టారు పాదానికి తువ్వాలు తగిలించి పగ్గం పట్టినట్టు లాగాడు. అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా బిగువైన పట్టీ ఒకటుంటుందనీ, గట్టి నేల మీద గంటల తరబడి వట్టి కాళ్ళతో నిలబడితే అది కందిపోతుందనీ ఆవిడ బొమ్మ గీసి మరీ చెప్పింది. గోడని తోస్తూ పిక్కలు సాగదీయమంది. నీళ్ళ సీసాని గడ్డకట్టించి పాదం కింద దొర్లించమంది. మెత్తటి చెప్పులు లేకుండా అడుగు వెయ్యొద్దంది. నెలా రెండు నెలల్లో తగ్గుతుంది, ఓపిక పట్టమంది. మాస్టారు అన్నీ ఒప్పుకున్నాడు, చెప్పులు తప్ప.

"మీ దుకాణం మేడమ్‌కి ఒక్క మాట చెప్తే పోయేదానికి ఈ అవస్థ ఎందుకండీ?"

"మడమ సంగతి మేడమ్‌కి తెలిస్తే కిటికీ బల్ల వాడికి పోతుందే."

"పోతే పోనీండి. బల్లే కదా."

మాస్టారు ఆమె వంక జాలిగా చూశాడు. కటింగ్ మాస్టరుకి కిటికీ బల్ల అంటే ఏమిటో అర్థం కావాలంటే కత్తెర పట్టి పుట్టాలి. ఎడమ వైపు నుంచి వెలుగు పడుతుంది, నలుపుకీ ముదురు నీలానికీ తేడా అక్కడే తెలుస్తుంది. ఆ బల్ల దగ్గర నిలబడ్డవాడే దుకాణంలో పెద్ద మాస్టరు. పద్దెనిమిదేళ్ళుగా ఆ వెలుగు మాస్టారిది. అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చినా నిద్ర పట్టదు కనకనే ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయి అంగుళం మాస్టారు అన్నారు.

ఇక 'వాడు' అంటే కొత్త మాస్టరు. రెండు నెలల కిందట వచ్చాడు. సన్నగా, చువ్వలా ఉంటాడు. కత్తెర బాగానే ఆడిస్తాడు, అది మాస్టారు క్షమించగలడు. క్షమించలేనిది అతని నడక. బల్ల చుట్టూ మునివేళ్ళ మీద, నేలకి తెలియకుండా, గాలిలో తేలినట్టు తిరుగుతాడు. "ఆ అబ్బాయి నడుస్తుంటే నాట్యం చూస్తున్నట్టుంది మాస్టారూ," అని మేడమ్ ఆయనతోనే అంది. దర్జీ దుకాణంలో బట్ట కుట్టడం మామూలే, ఆ రోజు నుంచి మాస్టారికి కన్ను కూడా కుట్టడం మొదలైంది. తనకి అడుగు తీసి అడుగు వేస్తే అరికాలి మంట నెత్తికెక్కుతోంది, వాడేమో హంస.

పైగా ఒక వాద్యబృందం వాళ్ళు నలభై రెండు కోట్లు కుట్టమన్నారు. జీవితంలో మాస్టారు చూడబోయే కోట్లు అవే. ఆ పని కిటికీ బల్ల దగ్గర ఎవరు చేస్తారో ఈ రోజే చెప్తానంది మేడమ్. "రెండు వారాలు నిలబడి కొయ్యాలి. ఎవరి ఒళ్ళు హుషారుగా ఉంటే వాళ్ళే," అని ఇద్దరి కాళ్ళ వైపూ ఎగాదిగా చూసింది కూడా.

మెత్తటి చెప్పులు తొడుక్కోవడానికి ఆయనకి ఉన్న అడ్డంకి ఆయనే. కటింగ్ గది తలుపు మీద 'చెప్పులు, బూట్లు నిషిద్ధం' అన్న అట్టముక్క పద్దెనిమిదేళ్ళ కిందట మాస్టారి స్వహస్తాలతో రాసి తగిలించింది. ఎవరో తెల్లటి బట్ట మీద చెప్పు ముద్ర వేసిన కోపంలో పెట్టిన నియమం. సిమెంటు నేల, వట్టి కాళ్ళు, వారానికి ఆరు రోజులు. కొత్త మాస్టరు మొదటి రోజున మెత్తటి బూట్లతో లోపలికి వస్తుంటే, అందరూ చూస్తుండగా ఆయనే గుమ్మంలో ఆపి విప్పించాడు. ఇప్పుడు తనే తొడుక్కుని వస్తే, ఆ అట్టముక్క కన్నా ముందు ఆయన పరువు ఊడి కింద పడుతుంది.

అందుకని మాస్టారు నిన్న ఒక ఉపాయం కుట్టాడు. కోట్ల భుజాల్లో పెట్టే ప్యాడ్లు రెండు తీసుకుని, మందపాటి సాక్సుల లోపల మడమ దగ్గర వేసి కుట్టేశాడు. సాక్సులు చెప్పులు కావు, నియమానికి భంగం లేదు. భుజాలతో బరువు మోసేవాళ్ళని లోకం చూసింది గానీ, కోటు భుజాల మీద ఒంటి బరువు మోపిన మొదటి మనిషి ఈయనే.

గడ్డకట్టిన సీసాని భార్య టిఫిన్ సంచిలో పెట్టి, "కరిగేలోపు మీ కుళ్ళు కూడా కరిగితే బావుణ్ణు," అని పంపించింది.

అందరికంటే ముందే దుకాణానికి చేరుకుని, సీసాని కిటికీ బల్ల కింద గుడ్డపేలికల చాటున దాచాడు. గదిలో ఎవరూ లేరు. గోడకి రెండు చేతులూ ఆనించి, కుడి కాలు వెనక్కి పెట్టి, పిక్క సాగేదాకా బలంగా తోశాడు. సరిగ్గా అప్పుడే గుండీల పళ్ళెంతో గుండీలక్క వచ్చింది. దుకాణంలో గుండీలు కుట్టేదీ, కోట్లకి లోపలి అస్తరు కోసేదీ ఆమే. పదేళ్ళుగా మూల చాప మీద కూర్చుని అన్నీ చూస్తుంది.

"మాస్టారూ, గోడని తోస్తున్నారేంటి?"

"తోయట్లేదక్కా. పట్టుకున్నా."

"ఎందుకూ?"

నొప్పి మాట తప్ప ఇంకేదైనా చెప్పాలి. "పడకుండా," అన్నాడు మాస్టారు.

గుండీలక్క పళ్ళెం కింద పెట్టేసి ఒక్క పరుగు తీసింది. రెండు నిమిషాల్లో మేడమ్ వచ్చింది. పోయిన వానల్లో ఆ గోడకి చెమ్మ దిగిన మాట నిజమే కాబట్టి ఆమెకి నమ్మడం కష్టం కాలేదు.

"ఎప్పటినుంచి పట్టుకున్నారు మాస్టారూ?"

"ఇప్పుడే మేడమ్. అంత కంగారు పడాల్సిందేం లేదు."

"చెయ్యి తీయకండి మరి," అని ఆమె పక్కింట్లో పని చేస్తున్న మేస్త్రీకి కబురు పంపింది. మేస్త్రీ వచ్చేదాకా మాస్టారు గోడని వదిలితే అబద్ధం బట్టబయలు, పట్టుకుంటే పరిహాసం. పట్టుకునే ఉన్నాడు. పిక్క మాత్రం బాగా సాగింది.

ఇంతలో కొత్త మాస్టరు వచ్చాడు. మందపాటి సాక్సులతో, ఎప్పట్లాగే మునివేళ్ళ మీద తేలుతూ. చేతిలోని తువ్వాలు మూటని తన బల్ల కిందికి తోసేసి ఇటు తిరిగాడు. "జరగండి మాస్టారూ, నేను పట్టుకుంటా. మీకెందుకు శ్రమ?"

"అక్కర్లేదు," అన్నాడు మాస్టారు. కిటికీ బల్ల సరే, వాడికి గోడ కూడా కావాలన్నమాట.

మేస్త్రీ వచ్చి గోడని నాలుగు చోట్ల తట్టాడు, చెవి ఆనించి విన్నాడు. "ఇటు బానే ఉంది. అటు చివర కూడా చూడాలి, బల్లలు జరపండి," అన్నాడు. సరిగ్గా ఆ గొడవలోనే గుండీలక్క గొంతు మూలనుంచి వినిపించింది.

"మేడమ్, నలభై రెండు కోట్లకి ఎనభై నాలుగు భుజం ప్యాడ్లు వచ్చాయి కదా. ఎనభయ్యే ఉన్నాయి. నాలుగు తక్కువ."

మాస్టారి గుండె ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది. మళ్ళీ మొదలైనప్పుడు కొత్త హుషారుతో కొట్టుకుంది. తను తీసింది రెండు. తగ్గినవి నాలుగు. అంటే ఈ గదిలో ఇంకో దొంగ ఉన్నాడు. ఆ దొంగ ఎవడై ఉండాలని కోరుకుంటున్నాడో ఆయనకి ఒక్క క్షణం కూడా ఆలోచించాల్సిన పని లేకపోయింది.

మేస్త్రీ ఒక పక్క, కొత్త మాస్టరు ఒక పక్క పట్టి చివరి బల్ల జరిపారు. అది కొత్త మాస్టరు బల్ల. దాని కింద తువ్వాలులో చుట్టిన నీళ్ళ సీసా ఒకటి, చుట్టూ చిన్న మడుగు.

"చూశారా మేడమ్," అన్నాడు మాస్టారు. ఎంత ఆపుకుందామన్నా గొంతులో సన్నాయి మోగింది. "కటింగ్ గదిలో నీళ్ళు. బట్ట మీద పడితే ఏం గతి? నీళ్ళు దాచిన చేతికి ప్యాడ్లు దాచడం ఎంతసేపు? అందరూ ఉన్నప్పుడే వెతికితే మంచిది."

"మాస్టారూ," అన్నాడు కొత్త మాస్టరు నెమ్మదిగా, "వద్దు."

"ఎందుకొద్దు? తప్పు చెయ్యనివాడికి భయమెందుకు?" ఆ మాట తన నోటినుంచే వస్తోందని మాస్టారి సాక్సులు విన్నాయి గానీ మాస్టారు వినలేదు. "ఆ సాక్సులు అంత లావుగా ఉన్నాయేం బాబూ? ఈ ఎండల్లో?"

కొత్త మాస్టరు ఆయన వంక చూశాడు, మేడమ్ వంక చూశాడు. బల్ల అంచు మీద కూర్చుని సాక్సులు విప్పాడు. ఒక్కో మడమ దగ్గరా ఒక్కో భుజం ప్యాడు, చుట్టూ సన్నటి చేతికుట్టు. కుట్టు శుభ్రంగా ఉందని మాస్టారు గమనించాడు, దానికి కూడా కడుపు మండింది.

"నొప్పి మేడమ్," అన్నాడు కొత్త మాస్టరు. "రెండు మడమలూను. ఇంతకుముందు మెత్తటి బూట్లు వేసుకుని పనిచేసేవాణ్ణి. ఇక్కడ మాస్టారు విప్పించారు. మూడో వారానికల్లా పట్టేసింది. మడమ ఆనిస్తే ప్రాణం పోతుంది, అందుకే వేళ్ళ మీద తిరుగుతున్నా."

ఇన్నాళ్ళూ మాస్టారి నిద్ర చెడగొట్టిన హంస నడక, నాట్యం, గాలిలో తేలడం, అన్నీ కలిపి ఒక మడమ నొప్పి. అదీ తను బూట్లు విప్పించి చేతులారా ఇచ్చింది.

"మరి చెప్పొచ్చు కదయ్యా," అంది మేడమ్.

"ఎలా చెప్తాను మేడమ్? పక్కన ఆయన్ని చూడండి. పద్దెనిమిదేళ్ళు ఇదే నేల మీద స్తంభంలా నిలబడ్డారు. ఒక్కసారి కూర్చోరు, అబ్బా అనరు. ఆయన్ని చూస్తే నాకు కుళ్ళు. రోజూ ఇంటికెళ్ళి మా ఆవిడ దగ్గర ఆయన కాళ్ళ గురించే ఏడుస్తా."

ఇంత వయసులో తన కాళ్ళ మీద ఒకరు అసూయపడ్డారని తెలిసి మాస్టారు కాసేపు తియ్యగా నిలబడ్డాడు. నిలబడే ఉండేవాడు, గుండీలక్క కూడికలు తీసివేతలు రాని మనిషైతే.

"ఇవి రెండే కదా మేడమ్," అంది ఆమె. "ఇంకో రెండేవి?"

మేస్త్రీకి పని తొందర, కిటికీ బల్లని ఒక్కడే పట్టి జరిపేశాడు. గుడ్డపేలికల చాటునుంచి రెండో సీసా బయటికొచ్చి, తీరిగ్గా దొర్లుకుంటూ వెళ్ళి మేడమ్ కాలికి తగిలి ఆగింది. మేడమ్ సీసాని చూసింది, మాస్టారి సాక్సులని చూసింది, గోడని చూసింది.

"ఇంతకీ గోడకేమైంది మేస్త్రీ?"

"గోడకేం అవలేదమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఆయన్ని పట్టుకుని అదే నిలబెట్టింది."

మాస్టారు బల్ల అంచున కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ గదిలో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. మెల్లగా సాక్సులు విప్పి, రెండు ప్యాడ్లూ తీసి గుండీలక్క చేతిలో పెట్టాడు.

"కుట్టు కొంచెం వంకర పోయింది మాస్టారూ," అంది ఆమె.

"కాళ్ళు నొప్పిగా ఉన్నప్పుడు కుట్టానక్కా," అన్నాడాయన చాలా చిన్న గొంతుతో.

మేడమ్ మొదట తలుపు దగ్గరికెళ్ళి అట్టముక్క పీకేసింది. లోపల తిరగడానికే మెత్తటి చెప్పుల జతలు తెప్పిస్తానంది. "మీ ఇద్దరూ నిలబడి పని చెయ్యడం మానాలి. చాప మీద కూర్చుని గుండీలు కుట్టండి," అంది.

"మరి కోట్లు?" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

"అస్తర్లు పదేళ్ళుగా నేనే కోస్తున్నా కదా మేడమ్," అంది గుండీలక్క, పళ్ళెం కొత్త మాస్టరు ఒళ్ళో పెడుతూ. "పైబట్ట ఎంత? అస్తరు కంటే అంగుళం ఎక్కువ."

మధ్యాహ్నానికి కిటికీ బల్ల మీద ముదురు నీలం బట్ట పరిచి ఉంది. ఎడమ వైపు నుంచి వెలుగు పడుతోంది. గుండీలక్క సుద్దముక్కతో గీత గీస్తూ, కత్తెర ఆడిస్తూ బల్ల చుట్టూ తిరుగుతోంది. మూల చాప మీద ఇద్దరు మాస్టర్లూ పక్కపక్కనే, గుండీలు కుట్టుకుంటూ, మిగిలిన ఒక్క చల్లటి సీసాని వంతులవారీగా ఒకరి పాదం కిందికి ఒకరు దొర్లించుకుంటున్నారు.

"అక్క నడక గమనించారా మాస్టారూ?" అన్నాడు కొత్త మాస్టరు గుసగుసగా. "మడమ నేలకి ఎంత నిండుగా ఆనుతోందో."

మాస్టారు ఓరగా చూశాడు. నిండుగానే ఆనుతోంది.

సాయంత్రం లెక్క చూస్తే ఆయన వంతుకి ఆ రోజు కుట్టినవి గుండీలు పదకొండు, కన్ను ఒకటి.