వైటూకే లేని ప్రోగ్రాం

కంటికి కనపడని వస్తువుకు వెల కట్టడం ఎలా అన్న ప్రశ్నను వేదాంతులు చర్చించి చర్చించి చివరికి వదిలేశారు. దాన్ని పరిష్కరించిన ఘనత గచ్చిబౌలి వైపు సిమెంటు దుకాణాలకు దక్కింది. 1998 నాటికే అక్కడ ఒక సిద్ధాంతం స్థిరపడి ఉంది: సాఫ్ట్‌వేర్ కనపడదు కాబట్టి, దానికిచ్చే డబ్బు కూడా కనపడనక్కర్లేదు.

ఈ సిద్ధాంతాన్ని అమలుపరచడానికి ప్రతి దుకాణంలోనూ ఒక వేతన నిర్ణయ మండలి ఉండేది. యజమాని దానికి అధ్యక్షుడు. యజమాని బావమరిది సాంకేతిక సలహాదారు (అమీర్‌పేటలో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకున్న బావమరిది లేని వ్యాపారిని ఆ రోజుల్లో ఎవరూ వ్యాపారిగా లెక్కపెట్టేవారు కారు). ఆ వేళకు టీ తాగడానికి ఎవరొస్తే వారు మూడో సభ్యుడు. ఈ సభ్యుడి మాటకే విలువెక్కువ. ఎందుకంటే అతనికి వ్యవహారంలో స్వార్థమూ లేదు, పరిచయమూ లేదు.

నానక్‌రామ్‌గూడ రవీందర్ ఈ మండలి ముందు హాజరైనప్పుడు అతని దగ్గర ఒక డిప్లొమా, కొన్ని విజిటింగ్ కార్డులు ఉన్నాయి. కార్డు మీద 'స్వతంత్ర సాఫ్ట్‌వేర్ డెవలపర్' అని అచ్చేయించుకున్నాడు. ఉద్యోగం లేదన్న సంగతిని అంతకన్నా మర్యాదగా చెప్పే మాట అప్పటికింకా పుట్టలేదు. ఇంట్లో అతనికొక కంప్యూటర్ కూడా ఉంది. అతని తల్లి బుచ్చమ్మ రెండు బర్రెలను అమ్మి కొనిచ్చింది.

అప్పటికే అతను ఒక కిరాణా కొట్టుకూ, ఒక మందుల షాపుకూ ప్రోగ్రాంలు రాసిపెట్టాడు. ఇప్పుడు రంగనాథ్ గారి సిమెంటు, ఇనుము దుకాణానికి బిల్లులూ, స్టాకూ, వడ్డీలూ చూసుకునే ప్రోగ్రాం రాశాడు. బాగా రాశాడు. అది పెట్టిన రోజు నుంచీ ఒక్కసారి కూడా ఆగలేదు. అక్కడే పని చెడింది.

"ఏమయ్యా, ఇది అసలు ఆగదేంటి?" అన్నారు రంగనాథ్ గారు, నెల జీతం సంగతి అడగడానికి వచ్చిన రవీందర్‌ని చూసి.

"ఆగదు సార్. మంచిగ రాసిన."

"మరి పనంతా అదే చేసుకుపోతుంటే, మధ్యలో నీకు నెలనెలా ఎందుకయ్యా?"

బావమరిది సీతారామాంజనేయులు సాంకేతిక వివరణ ఇచ్చాడు. "టైల్స్ షాపులో శేఖర్ పెట్టిన ప్రోగ్రాం చూడు బావా. వారానికి రెండుసార్లు ఆగిపోద్ది. ఆ కుర్రాడు పాపం చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొస్తాడు. కష్టం కనపడుద్ది."

టీ సభ్యుడు తల ఊపాడు. మండలి తీర్మానం ఏకగ్రీవమైంది: ఆగని ప్రోగ్రాంకు జీతం లేదు. ఆగే ప్రోగ్రాంకు ఆగినప్పుడల్లా రుసుము, టీ, అదృష్టం బాగుంటే సమోసా. ఈ వృత్తిలోకి కొత్తగా దిగేవారికి ఉన్న దారులు అవే. బాగా రాసి పస్తులుండవచ్చు, లేదా చెత్తగా రాసి సమోసాలు తినవచ్చు. రవీందర్‌కు చెత్తగా రాయడం రాదు. నేర్పించే ఇన్‌స్టిట్యూట్ కూడా దగ్గర్లో లేదు.

ఇంట్లో బుచ్చమ్మ ఓపిక అయిపోయింది.

"ఏందిరా గిది? బర్రెలున్నప్పుడు రెండు పూటల పాలిచ్చేటియి. ఇది కరెంటు తాగుడే గని ఇచ్చేదేమన్న ఉన్నదా? దీపావళి దాంక జూస్త. నెల జీతం రాకుంటే ఇగ దీన్ని అమ్మి బర్రెనే తెచ్చుకుంట."

"ఫికర్ చెయ్యకే అమ్మా, వస్తది" అన్నాడు రవీందర్. కానీ బుచ్చమ్మ అన్నదంటే చేసి తీరుతుందని అతనికి తెలుసు. ఆ కంప్యూటర్ పోతే అతనికి చేతులు పోయినట్టే. ఆ దిగులుతో అన్నం సరిగా తినడం మానేశాడు.

అది 1999. ఇంతలో వైటూకే అనే మహమ్మారి గురించి పేపర్ల నిండా వార్తలు వచ్చాయి. సంగతి చాలా చిన్నది. ప్రపంచంలో చాలామంది ప్రోగ్రామర్లు ఏడాదిని చివరి రెండంకెలతోనే రాశారు. రేపు 2000 రాగానే కంప్యూటర్లు దాన్ని 1900 అనుకుని, పుట్టనివాళ్లకు పింఛన్లిస్తాయని భయం. శేఖర్ కూడా అన్నిచోట్లా రెండంకెలే రాశాడు (పొదుపు కోసం కాదు, బద్ధకం కొద్దీ). రవీందర్ మాత్రం నాలుగంకెలూ రాశాడు. సిమెంటు దుకాణం బాకీలు వచ్చే శతాబ్దంలోకి కూడా పోతాయని రంగనాథ్ గారి ఖాతాదారులను చూడగానే అతనికి తట్టింది.

ఫలితం వెంటనే కనపడింది. తాను చెడగొట్టిన ప్రోగ్రాంలన్నీ శేఖర్ తానే బాగుచేసి, ప్రతిచోటా డబ్బు తీసుకుని, మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి మేడలో ఒక కంపెనీకి 'వైటూకే నిపుణుడు'గా వెళ్లిపోయాడు. రవీందర్ కూడా సెవెన్ సీటర్ ఆటో ఎక్కి అక్కడికే ఇంటర్వ్యూకు పోయాడు. ఉద్యోగాలు చూసే అధికారిణి జ్యోత్స్న మర్యాదస్తురాలు.

"మీకు వైటూకే ఎక్స్‌పీరియన్స్ ఎంతండి?"

"నా ప్రోగ్రాంలల్ల ఆ సమస్యే లేదు మేడం."

"అంటే ఎక్స్‌పీరియన్స్ లేదు."

"కాదు మేడం, సమస్య రాకుండ ముందే రాసిన."

జ్యోత్స్న అతనికేసి జాలిగా చూసింది. "రాకుండా రాసినవాళ్లకు మా ఫారంలో గడి లేదండి. ఎన్ని ఫిక్స్ చేశారన్నదే ఉంది. ఒక్క క్లయింట్ దగ్గర్నుంచైనా లెటర్ తీసుకురండి. దీపావళిలోపు తెస్తే చూద్దాం."

(ఆమె తప్పేమీ లేదు. మంటలార్పినవాడికి బహుమతి ఇవ్వవచ్చు గానీ, పొయ్యి జాగ్రత్తగా వాడుకున్నవాడిని ఏమని పిలిచి దండ వేస్తాం?)

లెటర్ అడగడానికి రవీందర్ సిమెంటు దుకాణానికి వెళ్లేసరికి రంగనాథ్ గారే అతని కోసం ఎదురుచూస్తున్నారు. చేతిలో పేపరు ఉంది.

"ఏమయ్యా, మన దాంట్లో వైటూకే ఎంతుంది?"

"లేదు సార్."

రంగనాథ్ గారి మొహం మాడిపోయింది. "లేదా? అమెరికా బ్యాంకులకు ఉందంట, విమానాలకు ఉందంట, ఆఖరికి ఆ టైల్స్ వాడిక్కూడా ఉంది. వాడు రోజూ వచ్చి దానికెంత ఖర్చయిందో చెప్పి పోతున్నాడు. నాకు మాత్రం తక్కువ రకం అంటగట్టావా?"

"సార్, అది రోగం సార్."

"రోగమైతే అంతంత కంపెనీలు ఎందుకు పెట్టుకుంటాయయ్యా?"

మండలి అత్యవసరంగా సమావేశమైంది. ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ అయితే వైటూకే ఉండి తీరాలని సీతారామాంజనేయులు చెప్పాడు. తమ వీధిలో దవాఖానకు కూడా ఉందని ఆ రోజు టీ సభ్యుడు ధ్రువపరిచాడు. రవీందర్ వెంటనే మొదటి రకం వైటూకేను అమర్చాలనీ, అమర్చగానే నగదు ఇవ్వాలనీ తీర్మానమైంది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆ కుర్రవాడు తాను ముచ్చటపడి రాసుకున్న ప్రోగ్రాం ముందు కూర్చుని, ప్రతి ఏడాదిలోంచీ రెండేసి అంకెలు పీకేశాడు. రాయడానికి పట్టినదానికన్నా చెడగొట్టడానికి ఎక్కువ కాలం పట్టింది. అంత గట్టిగా కట్టాడు మరి. మధ్యలో ఒకసారి లేచి బయటికెళ్లి, ముఖం కడుక్కుని వచ్చాడు.

అమర్చాక పరీక్ష పెట్టారు. వచ్చే జనవరి తారీఖు కొట్టగానే, ఒక మేస్త్రీకి రంగనాథ్ గారే వందేళ్ల వడ్డీ బాకీ ఉన్నట్టు తెర మీద పడింది. తర్వాత మొత్తం ఆగిపోయింది. రంగనాథ్ గారి కళ్లు మెరిశాయి. "ఇదయ్యా సాఫ్ట్‌వేరంటే!" అని టైల్స్ షాపాయన్ని పిలుచుకొచ్చి చూపించారు. రవీందర్ చేతిలో నగదు పడింది. ఆ దుకాణం నుంచి అతనికి కనపడిన మొదటి డబ్బు అదే. మరుసటి వారం పీకేసిన అంకెలు మళ్లీ పెట్టినందుకు ఇంకోసారి పడింది. టీ వచ్చింది, సమోసా వచ్చింది, 'భయంకరమైన వైటూకే నుంచి మా దుకాణాన్ని కాపాడినాడు' అని లెటర్‌హెడ్ మీద లెటరూ వచ్చింది.

దీపావళికి ముందే ఉద్యోగం ఖాయమైంది.

"నెలనెలా ఇస్తరారా?" అని అడిగింది బుచ్చమ్మ.

"నెలనెలా ఇస్తరమ్మా. ఒకటో తారీఖునే."

"ఇగ ఉండనియ్యి ఆ డబ్బాను" అని ఆమె కంప్యూటర్ మీది దుమ్ము కొంగుతో తుడిచింది. రవీందర్ చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

చేరే ముందు జ్యోత్స్న అతని బయోడేటా మళ్లీ ఒకసారి రాసి తెమ్మంది. రవీందర్ సిమెంటు దుకాణాన్ని అన్నిటికన్నా పైన రాశాడు. కిరాణా కొట్టూ, మందుల షాపూ ప్రోగ్రాంలు ఇప్పటికీ ఒక్కసారి కూడా ఆగకుండా నడుస్తున్నాయి. ఉద్యోగానికి అడ్డొస్తాయేమోనని వాటి ఊసే ఎత్తలేదు.