కాంతమ్మ చెవి ఏ రంగు?

ఇంట్లో పదకొండు కోళ్లను పెట్టుకుని, కోడికూర తినడానికి హోటలుకు ఎందుకు పోతానని అడిగారు కదా. చెబుతాను. నవ్వకుండా వినాలి.

ఎనభై ఏడులో సిద్దిపేటలో మేము కిరాయికి ఉన్న ఇంటికి వెనక పెరడుండేది. అందులో ఒక జామచెట్టు, దాని కింద గూడు, గూట్లో పది పెట్టలు, ఒక పుంజు. రేషన్ కార్డులో ఇంటి పెద్ద దత్తాత్రి అని నా పేరే ఉంది గానీ, వంటింటి గడప దాటి వెనక్కి వెళితే పెత్తనమంతా మా ఆవిడ ప్రమీలది.

ఏ ఇంటి నుంచి గుడ్డు తెచ్చి పొదగవేస్తే ఆ ఇంటావిడ పేరే ఆ పెట్టకు పెట్టేది. అట్లా మా గూట్లో ఒక కౌసల్యమ్మ, ఒక సుమిత్రమ్మ, ఒక ఐలవ్వ ఉండేవాళ్లు. అందరిలోకీ నల్లగా నిగనిగలాడుతూ, బొద్దుగా, నడిస్తే నేల అదిరేట్టు ఉండేది కాంతమ్మ. గోడ అవతలి కాంతమ్మగారు ఇచ్చిన గుడ్డు అది. పుంజుకు మాత్రం పేరు లేదు. "మగోనికి పేరెందుకు, పిలిస్తె వస్తడా?" అనేది ప్రమీల, నా వైపు చూస్తూ.

ఆదివారం హుస్నాబాద్ నుంచి మా బామ్మర్ది రామేశ్వర్ వస్తున్నాడని ఉత్తరం వచ్చింది. ఉత్తరం ప్రమీల చదివింది. నేను తేదీ ఒక్కటే విన్నాను.

"నీ తమ్ముడొస్తుండు గదా, ఒక కోడిని కోద్దాం" అన్నాను.

"ఏ కోడిని?"

"కాంతమ్మను."

"పొద్దుగాల లేచి పేరుపెట్టి పిలుస్తున్న. దాన్ని కోసుకొని తింటరా? నోరెట్ల వస్తది మీకు?"

"అయితె పుంజును కోద్దాం. దానికి పేరు లేదు గదా."

"ఇగో, ఇప్పుడె పెడుతున్న. రాజమల్లయ్య."

రాజమల్లయ్య అంటే మా మామగారు. మామగారిని కోసే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

రెండు రోజులు ఏమీ తోచలేదు. మూడో రోజు ఒక స్నేహితుడి దగ్గర కోళ్ల జాతుల మీద చిన్న పుస్తకం కనిపిస్తే అడిగి తెచ్చుకున్నాను. తురాయి ఆకారం, కాళ్ల రంగు, ఈకల తీరు చూసి ఏ కోడిది ఏ జాతో చెప్పవచ్చట. అన్నిటికంటే ముఖ్యం చెవితమ్మె. అది తెల్లగా ఉంటే సాధారణంగా గుడ్లకు పేరుపడ్డ జాతి, ఎర్రగా ఉంటే మాంసానికి కూడా పనికొచ్చే జాతి. కోళ్లకు చెవులుంటాయని ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు.

పుస్తకం పట్టుకుని పెరట్లోకి పోయాను.

"ప్రమీలా, మనం పేర్లు పక్కకు పెట్టి జాతిని చూద్దాం. చెవి తెల్లగున్నది గూట్లె ఉంటది. ఎర్రగున్నది గిన్నెల వడ్తది. ఇది నా మాట గాదు, శాస్త్రం."

"సరే" అంది ప్రమీల. "శాస్త్రమెట్ల జెప్తె అట్లనే. మళ్ల మాట మార్చొద్దు."

పదమూడేళ్ల కాపురంలో ఆమె అంత త్వరగా సరే అనడం అదే మొదలు. అప్పుడే భయపడాల్సింది.

శనివారం సాయంత్రం పరీక్ష మొదలుపెట్టాను. సుమిత్రమ్మ ఈకలూ చెవీ తెల్లగా ఉన్నాయి, తురాయి పక్కకు వాలింది; వైట్ లెగ్‌హార్న్ పోలిక. కౌసల్యమ్మ ముదురు ఎరుపు, పసుప్పచ్చ కాళ్లు. రోడ్ ఐలాండ్ రెడ్ పోలిక. చెవి ఎర్రగానే ఉంది గానీ నాలుగేళ్ల ముసలిది. అది ఉడికేలోగా బామ్మర్ది తిరిగి హుస్నాబాద్ చేరుకుంటాడు. ఐలవ్వకు ఒంటి మీద కండా లేదు, మెడ మీద ఈకలూ లేవు. బోడమెడ జాతని పుస్తకం చూడకుండానే చెప్పేశాను.

మిగతా పెట్టలన్నీ తెల్ల చెవులవే, ఇక మిగిలింది కాంతమ్మ. నా ఆశంతా దాని మీదే. అది నా చేతికి చిక్కకుండా పెరడంతా ఉరికింది.

"ప్రమీలా! కాంతమ్మ బాత్రూంలకు ఉరికింది, తలుపెయ్! ఆ, కాలు దొరికింది! అబ్బా, ఏం బరువున్నది కాంతమ్మ! తొడ సూడు, ఎంత కండ వట్టిందో!"

గోడ మీద ఒక తల లేచింది. నోటినిండా తమలపాకులతో పక్కింటి కాంతమ్మగారు.

"ఏం దత్తాత్రి, నా బరువు నీకెందుకయ్యా?"

"మీరు గాదు అత్తా! కోడి, కోడి!"

"కోడికి నా పేరు వెట్టిన్రా?" అని ఆమె కాసేపు మురిసిపోయింది. "మంచిగున్నది. ఇంతకు దాన్నేం జేస్తున్నవ్?"

"చెవి ఎర్రగుంటె రేపు కోస్తమత్తా."

కాంతమ్మగారి మొహంలో మురిపెం పోయింది. "నా పేరు వెట్టి, నన్ను కోస్తవా?" అని తల గోడ కిందికి దించేసింది.

కోడి చెవి చూశాను. పాల మీగడలా తెల్లగా ఉంది. పుస్తకంలో ఏడో పేజీ బొమ్మతో అచ్చం సరిపోయింది: బ్లాక్ మినార్కా, గుడ్లకు ప్రసిద్ధి. మినార్కా స్పెయిన్ వాళ్ల దీవి. మా కాంతమ్మ మాత్రం గోడ అవతల పుట్టింది.

"ఎర్రగున్నదా, తెల్లగున్నదా?" అని ప్రమీల అడిగింది.

"పొద్దు గూకుతున్నది, రంగు కనవడ్తలేదు. రేపు నీ తమ్ముని ముందట సూద్దాం" అన్నాను.

ఆదివారం పొద్దున ప్రమీల పాలకు వెళ్లగానే, స్టాంపు ప్యాడుకు పోయడానికని ఆఫీసు నుంచి తెచ్చిపెట్టుకున్న ఎర్ర సిరా తీశాను. దూది ముంచి కాంతమ్మ రెండు చెవులకూ రాశాను. శాస్త్రానికి చిన్న సవరణ, అంతే. తర్వాత చేతులు కడుక్కుని, బామ్మర్దిని తీసుకురావడానికి బస్టాండుకు పోయాను.

వచ్చేసరికి పెరట్లో చాప పరిచి ఉంది. గోడ మీద కాంతమ్మగారి తల ముందే సిద్ధంగా ఉంది. నేను రామేశ్వర్‌కు శాస్త్రమంతా వివరించి కౌసల్యమ్మను పట్టుకున్నాను. నిన్న ఎర్రగా ఉన్న చెవి తెల్లగా ఉంది. ఐలవ్వను పట్టుకున్నాను. తెల్లగా ఉంది. పుంజును పట్టుకున్నాను. దానివీ తెల్లగానే ఉన్నాయి.

"తెల్లగుంటె గుడ్ల జాతి అన్నవు గదా బావా" అన్నాడు రామేశ్వర్. "ఈ పుంజు పేరేంది?"

"రాజమల్లయ్య" అంది ప్రమీల.

"అయితె మా బాపు గూడ గుడ్లు వెడ్తడా?"

 చివరికి కాంతమ్మను పట్టుకున్నాను. రెండు చెవులూ మల్లెపూల్లా తెల్లగా ఉన్నాయి.

"ఇదెట్ల తెల్లగుంటది!" అని అరిచాను. "పొద్దుగాల నేనే దీనికి ఎర్ర..."

అక్కడ ఆగాను గానీ, ఆగాల్సిన చోటు రెండు మాటల ముందే దాటిపోయింది.

"ఎర్ర ఏంది?" అంది ప్రమీల మెల్లగా.

రామేశ్వర్ తడిగుడ్డ తీసుకుని కోడి చెవి తుడిచాడు. మొదట తెలుపు పోయింది. కింద ఎరుపు వచ్చింది. ఇంకా తుడిస్తే ఎరుపు పలచబడి, కింద మళ్లీ తెలుపు వచ్చింది.

"బావా, ఒక్క చెవికి మూడు కోటింగులున్నయి!"

"మీ అక్క సున్నం పూసింది!" అన్నాను.

"పూసిన. అన్నిటికి సమానంగ పూసిన. మీ లెక్క ఒక్కదాన్నే ఎంచుకొని పూయలే."

"సున్నం నాదే" అంది గోడ మీది నుంచి కాంతమ్మగారు, తమలపాకుల డబ్బా చూపిస్తూ. "మండకుండ వెన్న గూడ కలిపిచ్చిన."

ఇంటికొచ్చిన బామ్మర్ది ఆకలితో ఉన్నాడని, కౌసల్యమ్మనైనా ఇప్పించమని చివరి ప్రయత్నంగా బతిమాలాను. రామేశ్వర్ ఇబ్బందిగా నా వైపు చూశాడు.

"బావా, నేను నీసు మానేసి మూడు నెలలాయె. ఉత్తరంల రాసిన గదా?"

ప్రమీల వైపు తిరిగాను. "మరి నాకు జెప్పలేదేంది?"

"మీరడిగితె గదా! మీరడిగింది కోడిని గురించే."

మధ్యాహ్నం పప్పుచారుతో తిన్నాం. సాయంత్రం పదకొండు కోళ్ల చెవులూ గోరువెచ్చని నీళ్లతో తుడిచే పని నాకే పడింది. ప్రమీల అరుగు మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ వెలుగుకు పట్టి చూసేది, ఆమె బాగుందంటేనే నేను వదిలేవాణ్ణి. తొమ్మిదోదాని దగ్గర, "ఇంకోసారి" అంది.