వీడ్కోలు చిరుగు

పొద్దున ఆరింటికి వేసుకున్న పథకం చాలా చిన్నది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎనిమిదింటి బస్సుకు కోట చూడటానికి వెళ్ళాలి, తోటలన్నీ తిరగాలి, ఆ రాత్రికి అక్కడే అతిథుల గదిలో పడుకోవాలి. మర్నాడు చెల్లెలు అటునుంచి అటే దూరపు ఊళ్ళో కొత్త ఉద్యోగానికి బస్సెక్కాలి. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు.

అక్కను ఊళ్ళో అందరూ రఫ్ఫక్క అంటారు. చిరిగిన బట్టకు మాసిక వేయకుండా, పోగు పక్కన పోగు నేసి, చిరుగు ఎక్కడుండేదో సొంతదారుడే వెతుక్కునేలా రఫ్ఫు చేయడం ఆమె నలభై ఏళ్ళ పని. చెల్లెలు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఆమె గొంతు వింటే రోగులే కాదు, డాక్టర్లు కూడా సర్దుకుని కూర్చుంటారు.

"ఈసారైనా నన్ను మనిషిలా సాగనంపక్కా," అంది చెల్లెలు సంచి సర్దుకుంటూ. "పోయినసారి చేసినట్టు చేశావంటే మాత్రం..."

రఫ్ఫక్క తల దించుకుంది. మూడేళ్ళ కిందట చెల్లెలు పై శిక్షణకు వెళ్తుంటే, బస్సు మెట్టు దాకా వచ్చి ఆమె సంచి పిడి పట్టుకుని వదల్లేదు. పిడి ఊడి చేతికొచ్చింది. సంచి నోరు తెరిచి లోపలి బట్టలన్నీ బస్టాండు నిండా పరిచింది. బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాది పాటు చెల్లెలు ఉత్తరం ముక్క రాయలేదు. ఊడిన పిడిని మళ్ళీ కుట్టింది రఫ్ఫక్కే. తప్పయిందని చెప్పడం మాత్రం ఆమెకు చేతకాలేదు.

"ఏమీ చెయ్యనే. నీ వెనకాల నీడలా ఉంటాను."

"నీడకి గొడుగెందుకు?"

"వానొస్తేనో?"

మూడు వందల ఏళ్ళుగా ఆ కోట ఒకే కుటుంబం చేతిలో ఉంది. ఇప్పటి యజమానురాలు పెద్దమ్మగారు చేతికర్రతో గుమ్మం దాకా వచ్చి పలకరించింది. ఆమె అల్లుడు తాళాల గుత్తి ఆడిస్తూ, వచ్చినవాళ్ళకు కోట కథలు చెప్పే పని తనదేనని, సాయంత్రం అయిదింటికి తప్పకుండా రమ్మని చెప్పాడు. అతిథుల గది రెండో అంతస్తులో ఉంది.

ఆ గది ముందు పొడవాటి వసారా, అందులో ఒక పెద్ద కిటికీ, దానికి ముదురెరుపు బరువైన తెర. కిటికీ బయట తోటమాలి నిచ్చెన మీద నిలబడి గోడకు పాకిన తీగలు కత్తిరిస్తున్నాడు. కిటికీ రెక్కలు తెరవడానికి అడ్డమని, తెర ముందుండే తాడునూ, దాని పక్కనుండే బోర్డునూ అంతకుముందే లోపలినుంచి తీసి మూల పెట్టాడు. బోర్డు ముఖం గోడవైపు తిరిగి ఉంది. చెల్లెలు చకచకా గదిలోకి వెళ్ళిపోయింది. వెనక ఒక చేత సంచి, చంకలో అడ్డంగా గొడుగుతో రఫ్ఫక్క మలుపు తిరిగింది.

పర్ర్‌మని చప్పుడైంది.

ఆమె వెనక్కి చూసింది. గొడుగు మొన తెర మడతల్లో ఉంది. తెర మధ్యలో జానెడు చిరుగు నోరు తెరిచి ఉంది.

సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. భూమి చీలిపోతే బాగుండుననుకుంది గానీ, రెండో అంతస్తులో ఆ సౌకర్యం కూడా లేదు. వచ్చి పావుగంట కాలేదు. అప్పుడే చెల్లెలి పరువు జానెడు చింపేసింది!

"అక్కా, తోటకి పోదాం రా!"

"నా మోకాళ్ళు పట్టేశాయే. నువ్వెళ్ళు."

"తోటలు చూడాలని నెలరోజులు నా ప్రాణం తీశావు కదా!"

"పైనుంచి చూస్తాలే."

చెల్లెలు మూతి ముడుచుకుని ఒక్కతే దిగి వెళ్ళింది. తోటమాలి కూడా నిచ్చెన దిగి భోజనానికి పోయాడు. రఫ్ఫక్క సూదుల డబ్బీ తీసింది. రంగు కలిసే దారం కోసం తెర కిందంచు లోపలి మడత నుంచే పోగులు లాగింది. చిరుగును దగ్గరగా చూస్తే ఆశ్చర్యమేసింది. గొడుగు మొన తగిలి చిరిగితే పోగులు చిందరవందరగా లేవాలి. ఇది గీత గీసినట్టు తిన్నగా ఉంది. పక్కనే ఎప్పటిదో మరో రఫ్ఫు కూడా వేలికి తగిలింది. చేసినదెవరో గానీ మంచి పనిమంతురాలు. అయితే తప్పు చేసిన మనిషికి ఆలోచించే తీరికెక్కడిది? మూడు గంటలపాటు తల ఎత్తకుండా నేసింది. పని ముగిశాక కళ్ళు చికిలించి వెతికితే చిరుగు తనకే కనబడలేదు. అమ్మయ్య అనుకుంది.

అయిదింటికి అల్లుడు నలభై మందిని వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. చెల్లెలు అందరికన్నా ముందుంది. వాళ్ళను తెర ముందు నిలబెట్టి అతను గొంతు తగ్గించాడు.

"మూడు వందల ఏళ్ళ కిందట ఈ ఇంటాయన యుద్ధానికి బయల్దేరాడు. భార్య చెయ్యి వదల్లేదు. విడిపించుకుని ఆయన మెట్లు దిగుతుంటే, ఆమె తూలి ఈ తెర పట్టుకుంది. అప్పుడు చిరిగిందండీ! ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. ఆమె దీన్ని కుట్టనివ్వలేదు. ఈనాటికీ ఈ చిరుగుకి సూది తగల్లేదు. ఇదుగో, వీడ్కోలు చిరుగు!"

తాళంచెవితో చూపించాడు. నలభై తలలు ముందుకు వంగాయి. అక్కడ తెర తప్ప ఏమీ లేదు.

"ఎక్కడండీ?" అన్నారెవరో.

"నాకు కనబడుతోంది," అన్నాడొక పెద్దమనిషి, కళ్ళజోడు పెట్టుకుంటూ.

వెనక నిలబడ్డ రఫ్ఫక్క సూదుల డబ్బీని కొంగు చాటుకు తోసింది. ఆమె పూడ్చేసింది ఒక ఇల్లాలి దుఃఖాన్ని! అదీ లోపలి మడత దారంతో.

అల్లుడు తెరను ఇటు తిప్పి అటు తిప్పి, "అత్తయ్యగారూ! తెర మార్చేశారు!" అని కేక పెట్టాడు. పెద్దమ్మగారు కర్ర పొడుచుకుంటూ వచ్చింది. తాడూ బోర్డూ ఎవరు తీశారంటే, తోటమాలి చెయ్యెత్తాడు. ఆ చేతిలో ఇంకా కత్తెర ఉంది.

"నేను ముట్టుకోలేదమ్మగారూ! ముప్ఫయ్యేళ్ళ నుంచి మీ ఉప్పు తింటున్నాను."

"మరి చిరుగేదయ్యా? నడిచి వెళ్ళిపోయిందా?" అంది పెద్దమ్మగారు.

అప్పుడు చెల్లెలు ముందుకొచ్చింది. "జరగండి. నేను హెడ్ నర్సుని," అంది. తెరకు దానితో ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. ఆ గొంతు అలాంటిది. వేళ్ళతో తడిమి చూసి తీర్పు చెప్పింది: "నేను వేల గాయాలు చూశాను. మచ్చ లేకుండా ఏ గాయమూ మానదు. ఇది వేరే తెర. అసలుది ఎత్తుకుపోయారు."

"రేపటినుంచి పనిలోకి రాకు," అన్నాడు అల్లుడు తోటమాలితో. తోటమాలి కత్తెర కింద పెట్టి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. కిటికీలోంచి తను పెంచిన గులాబీలకేసి ఒకసారి చూశాడు.

ఆ చూపు రఫ్ఫక్క తట్టుకోలేకపోయింది. నోరు మూసుకుంటే చెల్లెలు రేపు నవ్వుతూ బస్సెక్కుతుంది. తెరిస్తే మళ్ళీ ఎన్నేళ్ళకు ఉత్తరం రాస్తుందో! అయినా తెరిచింది.

"నేనేనండీ. నా గొడుగు తగిలి చిరిగిందనుకుని... రఫ్ఫు చేశాను."

నలభై తలలు వెనక్కి తిరిగాయి.

"ఈవిడెవరు?" అన్నాడు అల్లుడు.

చెల్లెలి ముఖం తెర రంగుకు తిరిగింది. "మా అక్క," అంది చివరికి, గోడ వంక చూస్తూ.

పెద్దమ్మగారు అల్లుడితో సహా అందరినీ కిందికి పంపేసి, అక్కాచెల్లెళ్ళనూ తోటమాలినీ మాత్రం ఉంచింది. తెరను వెలుతురుకు పట్టి చాలాసేపు వెతికింది.

"కుట్టేటప్పుడు చూసే ఉంటావు. అంచులెలా ఉన్నాయి?"

"చిరిగినట్టు లేవమ్మా," అంది రఫ్ఫక్క. "కత్తెరతో కోసినట్టున్నాయి. పక్కనే పాత రఫ్ఫు ఒకటుంది."

పెద్దమ్మగారు కుర్చీలో కూలబడింది. ఈసారి సిగ్గుపడటం ఆమె వంతైంది.

"ఆ పాతది ఆ ఇల్లాలిదే. ఆయన నాలుగో రోజే తిరిగొచ్చాడు. యుద్ధం వాయిదా పడిందట. మిగతా ముప్ఫయ్యేళ్ళూ ఈ కిటికీ దగ్గరే కూర్చుని, తెర కన్నంలోంచి చలిగాలి కొడుతోందని సణిగితే, ఆవిడే కుట్టేసింది. కుట్టేసిన తెర చూడటానికి ఎవరొస్తారు చెప్పు? మా ఆయన కత్తెర తీసుకున్నారు. మా అల్లుడికి తెలీదు. తెలిస్తే అంత బాగా చెప్పలేడు." తర్వాత తోటమాలి వైపు తిరిగి తలొంచుకుంది. "నిన్ను అనరాని మాటన్నాం. ఎక్కడికీ పోకు."

"మరిప్పుడేం చెయ్యమంటారమ్మా?" అంది రఫ్ఫక్క.

"రేపు పదింటికి మళ్ళీ జనమొస్తారు. ఎలా ఉండేదో అలా చేసిపెట్టు."

"నాకు పూడ్చడమే వచ్చమ్మా. విప్పడం ఎప్పుడూ చెయ్యలేదు."

"నాకొచ్చు," అంది చెల్లెలు. "కుట్లు విప్పడం నా పనే."

మర్నాడు పొద్దున్నే చెల్లెలు చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ విప్పుతుంటే, రఫ్ఫక్క అంచుల పోగులు లాగి, చిరుగు అసలు చిరుగులా కనబడేలా చేసింది. ఆ పని మీద ఉండగానే, తెరకు చెబుతున్నట్టుగా, "పోయినసారి సంచి విషయంలో... తప్పంతా నాదేనే," అంది.

"కదలకు. పోగు తెగుతుంది," అంది చెల్లెలు. ఆ గొంతు ఆసుపత్రి గొంతు కాదు.

తోటమాలి తనే వచ్చి ఇద్దరికీ తోటంతా చూపించాడు. వెళ్ళేముందు మోచేతి దగ్గర చిరిగిన చొక్కా ఒకటి రఫ్ఫక్క చేతిలో పెట్టి, "దీనికి కథేమీ లేదమ్మా, కుట్టెయ్యొచ్చు," అన్నాడు. గేటు దాకా వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. చెల్లెలు గొడుగు విప్పింది. గొడుగు బట్ట ఈ చువ్వ నుంచి ఆ చువ్వ దాకా చిరిగి వేలాడింది. పర్ర్‌మన్నది అదన్నమాట! ఇద్దరూ దాన్ని చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తడుస్తూనే బస్టాండు చేరారు.

బస్సు మెట్టు మీద రఫ్ఫక్క ఈసారి నిజంగానే నీడలా నిలబడింది. ఒక్క సంచి పిడి మీద మాత్రం చెయ్యి వేసింది. మూడేళ్ళ కిందట తను నాలుగు పేటల దారంతో కుట్టిన పిడి కాబట్టి అది ఊడలేదు. కండక్టరు వచ్చి, రెండో వైపున గట్టిగా పట్టుకున్నది చెల్లెలేనని గమనించి, ఇద్దరి చేతులూ విడిపించాల్సి వచ్చింది.