హాల్లో నిలబడ్డావిడ

బుధవారం పొద్దున్న కాఫీ తాగుతూ భావనారాయణ వేసుకున్న పథకంలో ఏ లోపమూ లేదు. మూడు శిల్పాల్ని హాల్లో మూడు మూలలా నిలబెట్టి, మధ్యాహ్నం భోజనానికి ముందే చేతులు కడుక్కోవాలి. శుక్రవారం సాయంత్రం పిల్లల తల్లులు వచ్చి హాలు చూసి మురిసిపోవాలి. మురిసిపోయి పిల్లల్ని గౌతమి వీణ క్లాసులో చేర్చాలి. బడిలో సంగీతం పీరియడ్ ఎత్తేసినప్పుడు దాంతోపాటు ఆయన భార్య గౌతమి ఉద్యోగాన్నీ ఎత్తేశారు. ఈ క్లాసు నిలబడకపోతే వీణ అటకెక్కుతుంది. ఆ మాట ఆవిడ పైకి అనలేదు గానీ, ఈ మధ్య తీగలు తుడవడం మరీ ఎక్కువైంది.

"గుమ్మంలో అడుగుపెట్టగానే ఇది మామూలు ఇల్లు కాదని తెలియాలి," అన్నాడు భావనారాయణ. ఆయన విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెబుతాడు. ఇంట్లో కూడా మానడు.

మొదటి మూలలో ఇనుప తీగలతో అల్లిన మనిషి నిలబడ్డాడు. ఎచ్చెర్లలో చదువుకుంటున్న మేనల్లుడు కామేష్ చేశాడు. తల ఏదిరా అంటే "ఆధునికం మావయ్యా" అన్నాడు. రెండో మూలలో మూతపడ్డ సినిమా హాలు నుంచి వచ్చిన ప్లాస్టరు నాట్యగత్తె. బుగ్గల రంగు పెచ్చులూడినా నవ్వు మాత్రం మానలేదు. మూడోదే అసలైనది. కొత్తవలసలో పాత తలుపులూ స్తంభాలూ అమ్మే గంగులు కొట్లో భావనారాయణ స్వయంగా ఎంచుకుంటే, గంగులు గోనె చుట్టి ఆటోలో పంపించాడు. నల్లటి చెక్కతో చెక్కిన ఆడమనిషి, నడుమెత్తు ఉంటుంది. చేతులు రెండూ ఒంటికి అతుక్కుని ఉన్నాయి. కళ్ళు మొహానికి మించినంత పెద్దవి. ఎవరు ఎటు వెళ్ళినా వెంట వస్తున్నట్టే ఉన్నాయి.

"మూడు వందల ఏళ్ళ నాటిది. ఆ పగుళ్ళు చూస్తే తెలియడం లేదూ?" అన్నాడాయన.

అప్పుడే హాలు ఊడవడానికి వచ్చిన పనిమనిషి కూర్మమ్మ చేతిలోని చీపురు జారిపోయింది. కూర్మమ్మది సముద్రం ఒడ్డు ఊరు. అన్నదమ్ములు ఇప్పటికీ చేపల వేటకి వెళ్తారు.

"బాబూ, ఏటి పని సేసీసినారు! అమ్మోరి పండగైపోయాక ఈ తల్లిని మావోళ్ళు పొలిమేర దాటించి దిగబెట్టీసి వస్తారు. ఎనక్కి తిరిగి సూడరు. సాగనంపిన తల్లిని ఎవులు లోపలికి తెస్తే ఆలింట్లోనే ఉండిపోతాది."

"ఉండనీ. ఉండాలనే కదా కొన్నాను."

"ఉట్టినే ఉండదు బాబూ," అని కూర్మమ్మ బొమ్మకి వీపు చూపించకుండా, ఎండ్రకాయలా పక్కకి పక్కకి జరుగుతూ హాలంతా ఊడ్చింది.

భయమనేది అజ్ఞానం నుంచి ఎలా పుడుతుందో భావనారాయణ భోజనం అయ్యేదాకా గౌతమికి వివరించాడు. తర్వాత ఒక కునుకు తీసి హాల్లోకి వచ్చేసరికి చెక్కావిడ గోడవైపు తిరిగి ఉంది.

ఆయన దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో పట్టుకుని, మళ్ళీ గుమ్మం వైపు తిప్పాడు. చెక్క వెచ్చగా తగిలింది. ఎండ పడి ఉంటుందనుకున్నాడు గానీ ఆ గోడకి కిటికీ లేదు. సాయంత్రం సందు చివరిదాకా వెళ్ళొచ్చేసరికి ఆవిడ మళ్ళీ గోడవైపే తిరిగి ఉంది. భార్యని అడుగుదామంటే మధ్యాహ్నం చెప్పిన పాఠం గొంతుకి అడ్డం పడింది.

చీకటి పడే వేళకి కరెంటు పోయింది. గౌతమి వంటింట్లో ఉంది. హాల్లో ఎవరూ లేరు. చాప మీద పెట్టిన వీణ ఒక్కసారి ఖంగుమంది. భావనారాయణ సెల్‌ఫోను వెలుగులో చూస్తే తీగ తెగి ఉంది. ఉక్కపోతకి తీగలు తెగుతాయి. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసినా ఆయన ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారేసరికి కళ్ళు ఎర్రబడ్డాయి, ఒళ్ళు కాస్త వెచ్చబడింది.

గురువారం పొద్దున్న ఆయన మొహం చూడగానే కూర్మమ్మకి సంగతి అర్థమైపోయింది. ఎవరినీ అడగకుండా గుమ్మానికి వేపమండలు కట్టింది. పసుపునీళ్ళు చిలకరించింది. చెక్కావిడ ముందు పెరుగు కలిపిన చద్దన్నం పెట్టింది. చల్లబరచడం తన ధర్మం అనుకుంది.

వేపమండలు కట్టిన గుమ్మం చూస్తే ఆ చుట్టుపక్కల ఎవరికైనా తట్టేది ఒక్కటే. లోపల ఎవరికో అమ్మవారు పోసింది. పాలబ్బాయి ప్యాకెట్లు మెట్ల కిందే వదిలేసి పోయాడు. లిఫ్టు ఆ అంతస్తులో ఆగడం మానేసింది. పై ఫ్లాటు తులసి ఫోను చేసింది.

"ఏటండీ గౌతమిగారూ, సారుకి పోసిందట కదా! ఒళ్ళంతానా?"

"ఎవరికీ ఏమీ పోయలేదండీ!"

"అలా అనకూడదండీ, అమ్మకి కోపం వస్తాది. మా గౌరిని రేపు పంపించలేనండీ, ఏటీ అనుకోకండి."

రాత్రయ్యేసరికి శుక్రవారం వస్తామన్న తల్లులందరూ ఏటీ అనుకోవద్దన్నారు. గౌతమి తెగిన తీగ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. హాలు అలంకరించి భార్య పొట్ట కొట్టానని భావనారాయణకి స్పష్టంగా తెలిసింది.

తెల్లవారగానే వెళ్ళి మండలు పీకబోయాడు. కూర్మమ్మ అడ్డం నిలబడింది.

"మధ్యలో తీసీకూడదు బాబూ!"

"మా ఇంట్లో జబ్బు లేదే తల్లీ!"

"నేదు. అమ్మే ఉన్నాది. ఆ మాటే అందరికీ సెప్పీసి వస్తాను, ఉండండి."

ఆయన మాట కోసం ఉండకుండానే వెళ్ళి చెప్పేసింది. పోసింది జబ్బు కాదు, సాక్షాత్తూ అమ్మవారే ఆ ఇంటికి వచ్చి నిలబడిందని సాయంత్రానికి వీధంతా తెలిసింది. ముందురోజు లిఫ్టు ఎక్కడానికి భయపడినవాళ్ళే పసుపునీళ్ళ చెంబులతో మెట్ల మీద వరస కట్టారు. ఇనుప మనిషి మెడ మీద కొబ్బరికాయల సంచి తగిలించారు. నాట్యగత్తెకీ ఓ బొట్టు పెట్టారు. సాంబ్రాణి పొగలో చెక్కావిడ కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. అంతమంది ఉన్నా హాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. ఏం చేయాలో తోచక గౌతమి కొత్త తీగ బిగించి వాయించడం మొదలుపెట్టింది. పిల్లలు కదలకుండా కూర్చున్నారు. ఆ కళ్ళ ముందు అల్లరి చేసే ధైర్యం ఏ పిల్లకీ లేదు.

వీణ ఆగాక తులసి గొంతు తగ్గించి అడిగింది. "మా గౌరిని రేపే చేర్చుకుంటారేటండీ? ఇక్కడే, అమ్మ ఎదురుగానే కూకోబెట్టాలి."

ఆమె వెనకాల ఇంకా చాలామంది తల్లులు అదే మాట అనడానికి నిలబడి ఉన్నారు.

శనివారం ఉదయం క్లాసు నిండా పిల్లలుండగా గంగులు ఆటోలో దిగాడు. భావనారాయణని వసారాలోకి పిలిచాడు.

"తప్పైపోయింది బాబూ. బొమ్మలు మారిపోయినాయి. మీరు ఏరుకున్న పాతది ఇదిగో, ఆటోలో ఉన్నాది. మీ ఇంట్లోది నాను మొన్న ఎండాకాలం దీన్ని సూసే సెక్కిందండి. హోటలోళ్ళు పాతదానిలాగ ఉండాలన్నారని పొయ్యి మీద పొగబెట్టినాను."

భావనారాయణ గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. మూడు వందల ఏళ్ళన్న తన మాట గుర్తొచ్చి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. గౌతమిని బయటికి పిలిచి సంగతి చెప్పాడు. ఆవిడ తల దించుకుంది.

"గోడవైపు తిప్పింది నేనేనండీ. సాధన చేస్తుంటే నా వేళ్ళకేసే చూస్తోంది. నేను తిప్పడం, అది మళ్ళీ ఇటు తిరగడం. మిమ్మల్ని అడిగితే భయం గురించి చెబుతారని ఊరుకున్నాను."

ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయారు.

"అయితే తీసుకుపోతాను," అని గంగులు చేతులు దులుపుకుని హాల్లోకి వెళ్ళాడు. పసుపు పూసుకుని, వేపమాల వేసుకుని, పొగలోంచి ఆవిడ అతనికేసి చూసింది. గంగులు ఆగిపోయాడు. చాచిన చేతులు వెనక్కి తీసుకుని లెంపలు వేసుకున్నాడు. ఆవిడకి వీపు చూపించకుండా ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ వసారాలోకి వచ్చాడు.

"నువ్వు చెక్కిందే కదయ్యా!" అన్నాడు భావనారాయణ.

"అప్పుడు సెక్క బాబూ. ఇప్పుడు నాను ముట్టుకోను. ఆ పాతదే హోటలోళ్ళకి ఇచ్చీసుకుంటాను."

అసలైన బొమ్మ గోనె కప్పుకుని ఆటోలో విశాఖ వైపు సాగిపోతుంటే చరిత్ర లెక్చరరు మెట్ల మీద నిలబడి చూశాడు. ఆపుదామని నోటిదాకా వచ్చింది. లోపల పిల్లలు గొంతు కలుపుతున్నారు, గౌతమి తాళం చెబుతోంది. నోరు మూసుకున్నాడు.

అప్పుడే మెట్లెక్కి వస్తున్న తులసి భక్తిగా అడిగింది. "సారూ, మీకు తెలుస్తాది కదా, ఈ అమ్మ ఏ కాలం నాటిదండీ?"

"అది చెప్పడం ఎవరి తరమూ కాదమ్మా," అన్నాడు భావనారాయణ.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన చెప్పిన చరిత్రని ఒకరు కళ్ళకద్దుకోవడం అదే మొదటిసారి.