నలోరా జట్టు రికార్డులో తొమ్మిదవ గడి

నలోరా రగ్బీ సంఘ కార్యాలయంలో మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు జరిగిన సమావేశానికి హాజరైనవారు, ఆసనక్రమంలో: సంఘాధ్యక్షుడు తుపోయి, అంతర్జాతీయ పోటీల సమాఖ్య తరఫున ఓడలో వచ్చిన పరిశీలకుడు హార్విన్, రికార్డు కార్యదర్శి అయిన విశ్రాంత ప్రధానోపాధ్యాయులు పైడిసామి, పొరుగున ఉన్న పెద్దదేశపు జట్టులో పదకొండేళ్లుగా ఆడుతూ ప్రస్తుతం సెలవుమీద ఇంటికి వచ్చిన తెవీతా కుడికాలు, మరొక పెద్దదేశానికి ఆడుతున్న సెరూ సోదరుల నాలుగు భుజాలు, ఉత్తరాది దేశమొకదాని తరఫున మొదటి వరుసలో తోపులాటకు నిలబడే ఒక మెడ, వీటన్నిటి వెనుక, గోడవారగా వేసిన బల్లలమీద, ఆ అవయవాల సొంతదారులు.

సొంతదారులను వెనుక కూర్చోబెట్టడంలో అమర్యాద ఏమీ లేదు. ఆసనక్రమం ఆడిన అంతర్జాతీయ మ్యాచ్‌ల సంఖ్యను అనుసరిస్తుంది. తెవీతా కుడికాలు అరవై రెండు మ్యాచ్‌లు ఆడింది. తెవీతా తొమ్మిది ఆడాడు. మెడ సొంతదారు విషయంలో మాత్రం కొంత సడలింపు ఉండేది. పక్కకు చూడవలసివచ్చినప్పుడల్లా ఆయన లేచి, మనిషి మొత్తం తిరగాలి కాబట్టి, ఆయనకు బల్ల చివర చోటు కేటాయించారు.

నలోరా పదమూడు వేలమంది జనాభా గల పసిఫిక్ ద్వీపదేశం. చెరకు తోటల పనికి నూరేళ్లకు పూర్వం ఉత్తరాంధ్ర రేవులనుండి వచ్చినవారి సంతానం అందులో మూడువందల గడప ఉంటుంది. పైడిసామి ఆ గడపలలో ఒకదానివారు. ఆ దేశంలో అందరూ, వచ్చినవారూ మునుపే ఉన్నవారూ, పాటించే ఆచారం ఒకటుంది: ఎవరైనా చాప పరిచి, ఎదుట కూర్చుని, ఒక వస్తువును పేరుపెట్టి అడిగితే కాదనకూడదు. ఇచ్చినవాడు తిరిగి అడగకూడదు. పడవలు, పందులు, ఇంటి తలుపులు ఈ విధంగా చేతులు మారుతూ వచ్చాయి. పెద్దదేశాల రగ్బీ అధికారులు ఈ ఆచారాన్ని శ్రద్ధగా అధ్యయనం చేసి, చాపలతో రాసాగారు. అవయవాన్ని అప్పగించడంలో నొప్పి ఉండదు. రెండు సంతకాలు, ఒక ముద్ర. ఐదేళ్లు ఒక దేశంలో నివసించిన అవయవం ఆ దేశపు పౌరసత్వం పొందుతుంది. ఏడాదికొకసారి సెలవుమీద వస్తుంది, పండ్లు తెస్తుంది, వేడి ఎక్కువగా ఉన్నదన్నట్టు కిటికీ దగ్గర కూర్చుంటుంది.

అందుచేత నలోరా జట్టు మిగిలినదానితో ఆడేది. గత ప్రపంచ టోర్నమెంటులో మైదానంలోకి దిగిన పదిహేనుమందికి కలిపి ఇరవై ఒక్క కాళ్లు ఉన్నాయి. ఏడు టోర్నమెంట్లు, ఇరవై రెండు మ్యాచ్‌లు, ఇరవై రెండు ఓటములు. సాధించిన పాయింట్లు నూట మూడు, సమర్పించినవి పన్నెండువందల అరవై. ఇదంతా పైడిసామి రికార్డు పుస్తకంలో ఎనిమిది నిలువు గళ్లలో ఉంది.

తొమ్మిదవ గడి ఆయన స్వయంగా గీసుకున్నది. ఇతర దేశాల తరఫున నలోరా అవయవాలు సాధించిన పాయింట్లను, తేదీతో, నిమిషంతో, సాక్ష్యంతో సహా ఆ గడిలో వ్రాశారు. దాని మొత్తం పంతొమ్మిదివందల పద్నాలుగు. ఆ గడి ప్రకారం నలోరా రెండుసార్లు ప్రపంచ విజేత. ఒకసారి ఫైనల్‌లో తనతో తానే ఆడి స్వల్ప తేడాతో ఓడిపోయింది.

వరుసగా ఏడు టోర్నమెంట్లలో ఒక్క విజయమైనా లేని దేశాన్ని పోటీల జాబితానుండి తొలగించాలని సమాఖ్య నిబంధన. తొమ్మిదవ గడిని అంగీకరిస్తే నలోరా ఉంటుంది. అంగీకరించకపోతే ఆ సాయంత్రంనుండి ఉండదు. ఆ సంగతి తేల్చడానికే హార్విన్ వచ్చాడు. ఆయన ఓడ నాలుగు గంటలకు.

ఆ ఉదయం పైడిసామి మూడుసార్లు గొడుగు తీసుకుని, మూడుసార్లు పెట్టేశారు. వాన లేదు.

“ఏటి తమ్ముడూ, ఆ తిరుగుడేటి? పెళ్లికొడుకువేటి?” అన్నది ఆయన అప్పగారు గవరమ్మ, చద్దన్నం పెడుతూ. “కూకోని తిను. ముప్పయ్యేళ్లనుంచీ తొమ్మిదో గడి, తొమ్మిదో గడని నా సెవులు తినేసినావు. నేడు అన్నం తిను.”

“అప్పా, ఇది దేశానికి సంబంధించిన విషయం.”

“దేశవేటి, తెవీతాగాడి కాలు నిన్న మనింటి ముందునుంచే ఎల్లింది. పలకరిస్తే ఆగనైనా ఆగలేదు. దాన్ని నువ్వు పుస్తకంలో మనదంతావు.”

“అది మనదే.”

“దాన్నడుగు ముందు,” అన్నది గవరమ్మ.

సమావేశంలో మొదటి రెండు గంటలు హార్విన్ పుస్తకాన్ని చదవడంతో గడిచాయి. గదిలో వినిపించినదల్లా కుడికాలు నేలమీద వేళ్లతో కొడుతున్న చప్పుడు. అది ఎక్కడా ఆగి కూర్చోవడం మరచిపోయిన కాలు. పైడిసామి కలం మూత తీసి పెట్టి, తీసి పెట్టి, గడియారం చూసి, అధ్యక్షులవారు తనను గమనిస్తున్నారని గుర్తించి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఆ చప్పుడుకు అనుగుణంగా ఆయన మోకాలు కూడా కదులుతూనే ఉంది.

“ఆరవ టోర్నమెంటు, రెండవ మ్యాచ్,” అన్నాడు హార్విన్, వేలు పెట్టి చూపుతూ. “మీరు పెద్దదేశంతో ఆడారు. డెబ్బై మూడవ నిమిషంలో ఈ కుడికాలు మీ గీత దాటి ట్రై సాధించింది. ఐదు పాయింట్లు. మీరు వాటిని మీకు వ్యతిరేకంగా వ్రాశారు. తొమ్మిదవ గడిలో మీకు అనుకూలంగా కూడా వ్రాశారు.”

“అవునండి.”

“అంటే ఆ మ్యాచ్ ఓడారా, గెలిచారా?”

“ఐదు పాయింట్ల తేడాతో ఓడాము. ఐదు పాయింట్ల తేడాతో గెలిచాము. రెండూ నిజమే. ఏ ఒక్కటి వదిలినా రికార్డు అసంపూర్ణమవుతుంది.”

హార్విన్ సొంతదారుని పిలవమన్నాడు. తెవీతా కొయ్యకాలిమీద ముందుకు వచ్చాడు. చెరకు తోటల కూలీ లైన్లలో తెలుగు పిల్లలతో పెరిగి, పైడిసామి బడిలోనే చదువుకున్నవాడు కాబట్టి సాక్ష్యం తెలుగులోనే చెప్పాడు, అధ్యక్షుడు అనువదించాడు.

“ఆ రోజు గీత దగ్గర ఎదురుగా ఉన్నది మీరే. దానినెందుకు పడగొట్టలేదు?” అని అడిగాడు హార్విన్.

“నా కాలిని నేనే పడగొట్టనా, మేష్టారూ?” అన్నాడు తెవీతా, హార్విన్‌తో కాక పైడిసామితో. “అది పరుగెత్తుకొస్తుంటే చూడ్డానికి ఎంత బాగుందో మీకు తెలవదు. నా దగ్గరున్నప్పుడు అంత పరుగు తియ్యలేదు. తప్పుకున్నాను.”

వెనుక బల్లలమీద ఎవరో నవ్వారు. మెడ సొంతదారు లేచి, మొత్తంగా తిరిగి, నవ్వినవారెవరో చూసి, మళ్లీ మొత్తంగా తిరిగి కూర్చున్నాడు.

తరువాత కుడికాలిని విచారించారు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు నేలను తట్టాలని అధ్యక్షుడు వివరించాడు. తాను నలోరాలో పుట్టినట్టు అది ఒప్పుకున్నది. తాను సాధించిన పాయింట్లు నలోరావా అని అడిగినప్పుడు చాలాసేపు ఏమీ తట్టలేదు. తెవీతా దానివైపు చూడకుండా కిటికీవైపు చూశాడు. చివరకు కాలు తట్టనారంభించింది. ఒకసారికాదు, రెండుసార్లుకాదు, ఎడతెగకుండా, ఏదో మైదానంలో ఆట మొదలయ్యే ముందు ఒళ్లు వేడెక్కించుకుంటున్నట్టు తడుతూ పోయింది. దానిని అస్పష్ట సమాధానంగా నమోదు చేశారు.

మధ్యాహ్నం గవరమ్మ టీ తెచ్చింది. అందరికీ ఇచ్చి, హార్విన్ ఎదుట చీరకొంగు పరిచి కూర్చున్నది.

“బాబూ, నీ టోపీ నాకియ్యి.”

అధ్యక్షుడు అనువదించగా హార్విన్ చిరునవ్వుతో టోపీని మరింత సర్దుకున్నాడు. “క్షమించాలమ్మా. మా దేశంలో ఆ ఆచారం లేదు.”

“అదే కనుక్కుందావని,” అని గవరమ్మ లేచి కప్పులు పట్టుకుని వెళ్లిపోయింది. పైడిసామి సిగ్గుతో తలవంచుకున్నారు. అతిథిని చాప లేకుండా అడగడం పద్ధతి కాదు.

రెండు గంటలకు హార్విన్ పుస్తకం మూసి, నిలబడి మాట్లాడాడు. తాను ముప్పై నాలుగు దేశాల రికార్డులు పరిశీలించాననీ, ఇంత నిర్దుష్టమైన రికార్డును మరెక్కడా చూడలేదనీ అన్నాడు. తొమ్మిదవ గడిలో ఒక్క తేదీగాని, ఒక్క నిమిషంగాని తప్పు లేదు. ఆ చేతివ్రాతను సమాఖ్య కేంద్ర కార్యాలయంలోని పదకొండుమంది లేఖకులలో ఎవరూ అందుకోలేరు.

పైడిసామి చెవులు వెచ్చబడ్డాయి. డెబ్బై ఒక్క ఏళ్ల జీవితంలో ఒక పై అధికారి ఆయనతో ఇలా అన్నది ఇదే మొదటిసారి.

“ఉన్న అభ్యంతరం ఒక్కటే,” అన్నాడు హార్విన్. “ఈ గడిని వ్రాసిన చెయ్యి నలోరాది. ఫలితంలో దానికి ఆసక్తి ఉన్నది. తటస్థమైన చెయ్యి ఒకటి దీనిని పరిశీలించి ధ్రువపరిస్తే, ఈ మధ్యాహ్నమే ఆమోదించడానికి నాకు అధికారం ఉన్నది.”

“తటస్థమైన చెయ్యి ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?” అన్నాడు అధ్యక్షుడు తుపోయి.

హార్విన్ తోలుపెట్టె తెరిచి, సమాఖ్య సామగ్రి విభాగపు ముద్ర ఉన్న చాపను తీసి నేలమీద పరిచాడు. అలవాటు లేనివాడు కావడంచేత కూర్చోవడానికి కొంత ఇబ్బందిపడ్డాడు. కూర్చుని, పైడిసామి కుడిచేతిని పేరుపెట్టి అడిగాడు.

అడిగిన తరువాత కాదనడమన్నది లేదు. అయినా పైడిసామి ఆచారంకోసం మాత్రమే ఒప్పుకున్నారని అనడం న్యాయం కాదు. ఆ కొన్ని క్షణాలలో ఆయన మనసు లెక్కవేసిన తీరు స్పష్టంగానే ఉన్నది. ఆ చెయ్యి తనది. యాభై ఏళ్లు తాను తీర్చిదిద్దినది. ఆ గడిలోని ప్రతి అంకె దానికి తెలుసు. ఎవరి సేవలో ఉన్నా అది నిజమే వ్రాస్తుంది. నిజం నలోరా పక్షాన ఉన్నది.

ఇచ్చినట్టు మొదటి సంతకాన్ని కుడిచెయ్యి ఆయన తరఫున చేసింది. అనంతరం సమాఖ్య అధీనంలోకి వెళ్లి, స్వీకరించినట్టు రెండవ సంతకాన్ని సమాఖ్య తరఫున చేసింది. రెండూ ఒకేలా ఉన్నాయి. హార్విన్ ముద్ర వేశాడు.

గవరమ్మ గుమ్మంలోనుంచి చూసింది. “కుడిసెయ్యి ఇచ్చీసినావేటి?”

“అడిగారు, అప్పా.”

“రేపు అన్నం ఎవలు కలుపుతారు?”

“ఎడమచెయ్యి ఉన్నది కదా.”

“దాన్నడగరా మరి?”

పైడిసామి బల్లవైపు తిరిగారు. కుడిచెయ్యి అప్పటికే పుస్తకం తెరిచింది.

అది బల్లమీద నిలబడి, వరుస వెంబడి వరుస, చూపుడువేలితో తడుముతూ చదివింది. ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. గదిలో ఎవరూ కదలలేదు, కుడికాలు తప్ప. పైడిసామికి భుజం చివర ఏమీ లేనిచోట వేళ్లు ముడుచుకుంటున్నట్టు, కలం కోసం వెతుకుతున్నట్టు అనిపించసాగింది. ఆయన లేచి కిటికీదాకా వెళ్లి వచ్చారు. మళ్లీ వెళ్లారు. రేవులో ఓడ మొదటి కూత కూసింది.

చెయ్యి నిబంధనల పుస్తకాన్ని దగ్గరకు లాక్కుని, నాలుగవ నిబంధన తీసింది. అందులో దేశమనగా ఆ దేశపు జట్టు అని ఉన్నది. చెయ్యి ఒక క్షణం ఆగింది. తరువాత ఎర్రసిరా కలం అందుకుని, తొమ్మిదవ గడిని పైనుంచి కిందవరకు, ప్రతి పుటలోనూ, రెండు సమాంతర రేఖలతో కొట్టివేసింది. అంచున పొట్టి సంతకం పెట్టి, తేదీ వేసి, సిరా ఆరేవరకు పక్కకు తప్పుకుని వేచి ఉన్నది.

“మేష్టారూ,” అన్నాడు తెవీతా మెల్లగా, “అది మీ చెయ్యే కదా?”

పైడిసామి పుటపై వంగి చాలాసేపు చూశారు. గీతలు వంకర లేకుండా ఉన్నాయి. మరొక దేశపు కార్యదర్శి ఇటువంటి గడి గీసి తన ముందు పెట్టి ఉంటే, నాలుగవ నిబంధన ప్రకారం తాను ఏమి చేసి ఉండేవారో ఆయనకు అర్థమైంది.

“నా చెయ్యే,” అన్నారు. “అందుకే పొరపాటు చేయదు.”

“పోనీలెండి,” అన్నాడు తెవీతా. “రాత బాగుంది.”

అధ్యక్షుడు సమావేశం ముగిసినట్టు ప్రకటించాడు. అవయవాలు ముందు, సొంతదారులు వెనుక, అందరూ రేవుకు నడిచారు. వచ్చే టోర్నమెంటులో నలోరా ఉండదు. నలోరావాళ్లు అయిదు జట్లలో ఉంటారు. ఓడ బయలుదేరేముందు, సమావేశపు చివరి తీర్మానాన్ని చెయ్యి ఓడమెట్లమీద పుస్తకం ఆనించుకుని వ్రాసింది. దానిని అక్కడే అధ్యక్షుడు చదివి వినిపించాడు, పైడిసామి తన టోపీ ఎడమచేత్తో తీసి నిలబడి విన్నారు:

“ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ దేశపు రికార్డును భద్రపరచి, అడిగిన తక్షణమే తన కుడిచేతిని సమాఖ్యకు సమర్పించి, అది చేసిన పనిని ఆక్షేపించక, పరిశీలకులవారి తోలుపెట్టెను ఎడమచేత్తో స్వయంగా ఓడవరకు మోసి సాగనంపిన శ్రీ పైడిసామిగారి కార్యాన్ని, ఈ సంఘం తన చివరి సమావేశంలో, ఏకగ్రీవంగా, కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేయుచున్నది.”