ఇంటిపేరు మంచి

తోటవానిపేట చెత్తగుట్ట కింది భూగర్భజలం తన ఇంటిపేరు 'మంచి' తీసేయమని సోమవారం పొద్దున్నే మున్సిపల్ ఆఫీసుకి వచ్చింది. అందరిలాగే వరసలో నిలబడి టోకెన్ తీసుకుంది. నిలబడ్డ చోటల్లా నల్లటి మడుగు కడుతోందని ఊడ్చే ఆవిడ నాలుగు తిట్టింది, అంతే. నీళ్లన్నాక ఆఫీసు పనులుండవా ఏమిటి?

ఇంజనీరు పొట్నూరు తవిటినాయుడు మర్యాదస్తుడు. ఎవరొచ్చినా ముందు దాహం ఇప్పిస్తాడు. అలవాటు కొద్దీ అటెండరు క్యాన్‌లోంచి ఓ గ్లాసు పట్టి భూగర్భజలం ముందు పెట్టాడు. నీళ్లూ నీళ్లూ ఒకదాన్నొకటి చూసుకుని మొహాలు తిప్పుకున్నాయి.

"ఏటి నీ బాధ?" అన్నాడు నాయుడు.

"అందరూ నన్ను మంచినీళ్లంటారు బాబూ. నీళ్లన్నది నా పేరే, కాదన్ను. ముందున్న ఆ 'మంచి' తీసీండి. గుట్టలో ఊరిన రసమంతా నాలోకే దిగిపోతంది. మీ చెల్లి మనవరాలు జాహ్నవి నేదా? గ్లాసట్టుకొచ్చి 'మంచీళ్లూ' అని పిలుత్తాది. సిగ్గుతో సచ్చిపోతన్నాను."

ఆ స్థలం చెత్తకి పనికొస్తుందని సంతకం పెట్టింది నాయుడే. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత తనకోసమే పుట్టిందనిపించింది. సిగ్గేసి తలెత్తలేకపోయాడు. తలెత్తకపోయినా అర్జీ చదవచ్చు కాబట్టి చదివాడు.

"ఇంటిపేరు తాతలనాటిది. తియ్యాలంటే అమ్మో నాన్నో వచ్చి ఒప్పుకోవాలి."

"మాయమ్మ వాన బాబూ."

"అయితే రమ్మను."

"వొచ్చింది బాబూ. గుట్ట మీంచే వొచ్చింది. దిగేసరికి అదీ నాలాగే అయిపోనాది."

తల్లెవరో బిడ్డెవరో తేలనప్పుడు రూలు ఒప్పదు. నాయుడు అర్జీ తిప్పి పంపాడు.

కానీ మనసు ఊరుకోలేదు. ఆ నీళ్లు పిల్లకి పట్టొద్దని చెప్పడానికే సాయంత్రం చెల్లెలింటికి వెళ్లాడు. కుర్చీలో కూర్చున్నాడో లేదో, నాలుగేళ్ల జాహ్నవి రెండు చేతులా గ్లాసు పట్టుకొచ్చింది.

"తాతా, మంచీళ్లు!"

గ్లాసులోంచి పొద్దుటి భూగర్భజలం నాయుణ్ణి చూసింది. తాగొద్దంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే సంతకం ఎవరిదంటారు. మా అన్న ఇంజనీరని పేటంతా చెప్పుకునే చెల్లెలు గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉంది.

"ఇప్పుడే తాగొచ్చానమ్మా," అన్నాడు.

"నీళ్లు పారబొయ్యకూడదు, తప్పు," అంది జాహ్నవి, అచ్చం అంగన్‌వాడీ టీచరు గొంతుతో. గ్లాసెత్తి గటగటా తానే తాగేసింది.

"మంచి పిల్ల," అన్నాడు నాయుడు.

చెల్లెలు మురిసిపోయింది.